పెద్దవాళ్ల తలలో నీరు: ఏ దారి షంట్, ఏ వాల్వ్, ఎవరికి?

"స్కాన్‌లో మెదడు గదులు ఉబ్బి ఉన్నాయి, షంట్ వేయాలి" అని న్యూరోసర్జన్ చెప్పాక ఇంట్లోవాళ్లకు ఆలోచించుకునే వ్యవధి పెద్దగా ఉండదు. మెదడు గదులంటే మెదడు లోపల నీరు ఉండే ఖాళీలు. షంట్ అంటే అక్కడ ఎక్కువైన నీటిని ఒంట్లో ఇంకో చోటికి మళ్లించే పైపు; ఎంత నీరు పోవాలో అదుపు చేసేది దాని మధ్యలో ఉండే వాల్వ్. ప్రశ్నలు మాత్రం వరసపెట్టి వస్తాయి. పైపు పొట్టలోకి వేయించాలా, నడుము నుంచా? మామూలు వాల్వ్ చాలా, ప్రోగ్రామబుల్ కావాలా? అసలు పైపే లేకుండా ఎండోస్కోపీతో అయిపోతుందని పక్క బెడ్ వాళ్లు అన్నారు, నిజమేనా?

పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి అనేది చాలావరకు స్కానే తేల్చేస్తుంది. మన ఇష్టానికి అక్కడ చోటు తక్కువ. కుటుంబం గట్టిగా అడగాల్సినవి రెండు: ఆపరేషన్‌కి ముందు ఏ పరీక్ష చేస్తున్నారు, పైపు మధ్యలో ఏ వాల్వ్ పెడుతున్నారు. చాలా ఇళ్లలో టెన్షన్ అంతా దారి గురించే ఉంటుంది. వాల్వ్ సంగతి బిల్లు చేతికొచ్చాక గానీ గుర్తుకు రాదు.

ముందు తేలాల్సినవి

మెదడులో రోజుకు సుమారు 500 మి.లీ. సీఎస్ఎఫ్, అంటే మెదడు నీరు, ఊరుతుంది. తలలో, వెన్నులో కలిపి ఒకసారికి ఉండేది 150 మి.లీ. దాకానే. అంటే రోజుకు మూడుసార్లకు పైగా పాత నీరు రక్తంలోకి ఇంకిపోతూ, కొత్తది వస్తూ ఉంటుంది. పోయే దారి మూసుకుపోయినా, ఇంకే చోటు దెబ్బతిన్నా ఊరడం మాత్రం ఆగదు. అందుకే గదులు ఉబ్బుతాయి.

మొదటి ప్రశ్న, అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: అడ్డు ఉందా, లేదా? మెదడు గదుల మధ్య ఉండే సన్నటి కాలువ పుట్టుకతోనో తర్వాతో ఇరుకైపోవడం, దాని దగ్గర గడ్డ పెరగడం, నాలుగో గదిలో సిస్టిసర్కోసిస్ (బద్దెపురుగు పిల్లల వల్ల వచ్చే జబ్బు) తిత్తి ఇరుక్కోవడం - ఇవి అడ్డుపడే రకం. టీబీ మెనింజైటిస్, మెదడు చుట్టూ రక్తస్రావం, తలకు పెద్ద దెబ్బ - వీటి తర్వాత దారి తెరిచే ఉన్నా నీరు ఇంకదు. టీబీలో రెండూ కలిసి కూడా రావచ్చు. మూడోది నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్, పొట్టిగా ఎన్‌పీహెచ్. హైడ్రోసెఫలస్ అంటే తలలో నీరు చేరడమే. దీన్ని కొలంబియాలోని బొగోటాకు చెందిన న్యూరోసర్జన్ సాలమన్ హకీం గుర్తించారు. 1965లో వైద్య పత్రికల్లోకి ఎక్కింది. ఎక్కువగా అరవై దాటినవాళ్లకు వస్తుంది. కాలు నేల మీంచి లేవక ఈడ్చి ఈడ్చి నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు దీని మూడు గుర్తులు. మన ఇళ్లలో "వయసైపోయింది కదా" అని సరిపెట్టేసుకునేవి కూడా సరిగ్గా ఈ మూడే.

రెండో ప్రశ్న ఎంత అర్జెంటు అని. మనిషి మగతలోకి జారిపోతుంటే పోలికలు చదువుతూ కూర్చోకూడదు. అప్పుడు ముందుగా తల నుంచి బయటి సంచిలోకి తాత్కాలిక డ్రెయిన్ పెట్టి ప్రాణం నిలబెడతారు. శాశ్వత షంట్ మాట తర్వాత.

మూడోది, పైపు చివర పెట్టబోయే చోటు ఎలా ఉంది. పొట్టకు గతంలో పెద్ద ఆపరేషన్లు అయ్యాయా, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎలా ఉన్నాయి, నడుము ఎముకలు అరిగిపోయాయా, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారా? ఈ మాత్రల విషయం పెద్దవాళ్లలో చాలా ముఖ్యం. షుగర్ మాత్రల గురించి అందరూ చెబుతారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ గురించి అడిగేదాకా చెప్పరు.

నాలుగోది, ఏదైనా తేడా వస్తే మీ ఊరి నుంచి న్యూరోసర్జన్ దగ్గరికి ఎంత దూరం? దీనికి స్కాన్‌తో పని లేదు, మీరే చెప్పగలరు. వాల్వ్ ఎంపిక సగం దీని మీదే నడుస్తుంది.

ఎన్‌పీహెచ్ అనుమానమైతే: టెస్ట్ లేకుండా షంట్ వద్దు

వయసు మీదపడ్డవాళ్లలో గదులు కొంత పెద్దవిగా కనిపించడం మామూలే. మెదడు కుంచించుకుపోయినా అలాగే కనిపిస్తుంది. కాబట్టి స్కాన్ ఒక్కదాన్నే నమ్మి షంట్ వేయించడానికి నేనైతే ఒప్పుకోను. ట్యాప్ టెస్ట్ చేయమనండి. నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మి.లీ. నీరు తీసి, ముందూ తర్వాతా నడక కొలుస్తారు. కొలవడం ఆసుపత్రి వాళ్ల పనే అయినా మీరూ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఒకే వరండా, ఒకే దూరం, ఒకే చెప్పులు ఉండేలా చూడండి. వెనక్కి తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తున్నారో ప్రత్యేకంగా గమనించండి. తేడా ముందు అక్కడే కనిపిస్తుంది.

ట్యాప్ టెస్ట్‌లో మార్పు రాకపోయినంత మాత్రాన షంట్ పనిచేయదని తేలిపోదు. అనుమానం బలంగా ఉంటే నడుములో సన్నటి గొట్టం పెట్టి మూడు రోజుల పాటు కొద్దికొద్దిగా నీరు తీసి చూసే పద్ధతి ఉంది.

షంట్‌తో నిజంగా ఎంత లాభం? 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పెన్స్ ట్రయల్ దీనికి సూటిగా జవాబు చెప్పింది. ఇలా తాత్కాలికంగా నీరు తీసినప్పుడు నడక మెరుగైనవాళ్లనే 99 మందిని తీసుకుని, అందరికీ షంట్ వేశారు. సగం మందికి వాల్వ్ తెరిచి ఉంచారు, మిగతావాళ్లకు దాదాపు మూసేశారు. ఎవరిది తెరిచి ఉందో రోగులకు తెలియదు. మూడు నెలలకు తెరిచినవాళ్ల నడక వేగం సెకనుకు 0.23 మీటర్లు పెరిగింది, రెండో గుంపులో 0.03 మాత్రమే. పడిపోయినవాళ్లు 24 శాతం, రెండో వైపు 46 శాతం. అయితే మెదడు పైపొరల కింద రక్తం చేరడం తెరిచినవాళ్లలో 12 శాతం మందికి జరిగింది, రెండో వైపు 2 శాతం. జ్ఞాపకశక్తి స్కోరులోనూ మూత్రం సమస్యలోనూ ఆ మూడు నెలల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే నాన్నగారు మళ్లీ తనంతట తాను బాత్రూమ్‌కి నడవాలన్నది మీ ఆశ అయితే షంట్‌కు అర్థం ఉంది. మనవళ్ల పేర్లు మళ్లీ గుర్తురావాలన్నదే ప్రధానమైన ఆశ అయితే, ఆపరేషన్‌కి ముందే డాక్టర్‌తో మనసు విప్పి మాట్లాడండి.

దారులు ఒక్కొక్కటిగా

*వీపీ షంట్ (మెదడు గది నుంచి పొట్టలోకి).* ప్రపంచమంతా ఎక్కువగా వేసేది ఇదే. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఒక సిలికాన్ గొట్టం మెదడు గదిలోకి, అక్కడి నుంచి చెవి వెనక వాల్వ్, ఆ తర్వాత మెడ, ఛాతీ చర్మం కిందుగా పొట్టలోకి. పేగుల చుట్టూ ఉండే పొర ఆ నీటిని పీల్చేసుకుంటుంది. అడ్డు ఉన్న రకానికీ లేని రకానికీ రెండింటికీ పనికొస్తుంది. ప్రతి న్యూరోసర్జన్‌కూ చేయి తిరిగిన ఆపరేషన్ కావడం దీని అసలు బలం. అర్ధరాత్రి మూసుకుపోతే జిల్లా కేంద్రంలోనైనా సరిచేయగలిగేవాళ్లు దొరికే అవకాశం ఉంటుంది. సమస్యలూ లేకపోలేదు. గొట్టం మూసుకుపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, పొట్టలో నీటితిత్తి కట్టొచ్చు. పొట్టలో గతంలో పేగులు అతుక్కుపోయి ఉన్నా, ఇప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్నా, లివర్ జబ్బుతో పొట్టలో నీరు చేరి ఉన్నా ఇంకో దారి వెతకాలి.

*ఎల్పీ షంట్ (నడుము నుంచి పొట్టలోకి).* మెదడును ముట్టుకోకుండా వెన్ను నీటి నుంచే పైపు. జపాన్‌లో ఎన్‌పీహెచ్‌కి దీన్ని బాగా వాడతారు. 2015లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన అక్కడి సిన్‌ఫోనీ-2 అధ్యయనంలో, వెంటనే ఎల్పీ షంట్ వేసినవాళ్లలో 65 శాతం మంది మూడు నెలల్లో రోజువారీ పనుల్లో ఒక మెట్టయినా మెరుగయ్యారు. ఆపరేషన్ కోసం వేచి ఉన్నవాళ్లలో 5 శాతమే. "తలకు కోత వద్దు" అని పెద్దవాళ్లు మొండికేసినప్పుడు ఇది మంచి మధ్యేమార్గం. కానీ ఒక షరతుకు తిరుగులేదు: అడ్డు ఉండకూడదు. అడ్డు ఉండగా కింది నుంచి నీరు లాగితే మెదడు కిందికి జారి ప్రాణం మీదికి వస్తుంది. ఇక నడుము బాగా అరిగిపోయి ఉన్న మన డెబ్భై ఏళ్ల వాళ్లలో సూది దూర్చడమే కష్టం కావచ్చు. వంగడంలో, లేవడంలో గొట్టం జారిపోవడం కూడా వినబడే ఫిర్యాదే.

*వీఏ షంట్ (మెదడు గది నుంచి గుండెలోకి).* మెడలోని సిర గుండా గొట్టం కొసను గుండె కుడి పైగది దగ్గర ఉంచుతారు. "గుండెలోకి" అనగానే అందరూ ఉలిక్కిపడతారు గానీ ఆధునిక షంట్ల చరిత్ర దీనితోనే మొదలైంది. 1950ల్లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్ తన కొడుకు కోసం తయారుచేసిన వాల్వ్ ఈ దారి షంట్ల కోసమే. పొట్ట పనికిరానివాళ్లకు ఇది గట్టి ప్రత్యామ్నాయం. ఎన్‌పీహెచ్‌కి దీన్నే ఇష్టంగా వేసే సర్జన్లూ ఉన్నారు. అయితే ఇన్ఫెక్షన్ వస్తే అది నేరుగా రక్తంలో ఉన్నట్టే. నెమ్మదిగా సాగే ఇన్ఫెక్షన్ ఏళ్ల తర్వాత కిడ్నీలను దెబ్బతీయగలదు, గడ్డలు కట్టి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెంచగలదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, క్రమం తప్పక చెకప్‌కి రాలేనివాళ్లకు నేనిది సూచించను.

*ప్లూరల్ షంట్ (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరలోకి).* పొట్ట, గుండె రెండూ కుదరనప్పుడే. అక్కడ నీరు చేరి ఆయాసం వస్తుంది కాబట్టి ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు పనికిరాదు.

*ఈటీవీ (ఎండోస్కోపీ).* ఇది షంట్ కాదు. మూడో గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి అడ్డుదారి ఇస్తారు. ఒంట్లో ఏ వస్తువూ మిగలదు కాబట్టి వాల్వ్ గొడవ లేదు, గొట్టం మూసుకుపోయే భయం లేదు. కాలువ ఇరుకైనవాళ్లకు, దారిలో గడ్డ ఉన్నవాళ్లకు మొదట అడగాల్సింది దీని గురించే. పక్క బెడ్ వాళ్లు చెప్పింది అంతవరకు నిజం. నీరు ఇంకని రకంలో మాత్రం రంధ్రం చేసినా ఫలితం అంతగా ఉండదు, ఎన్‌పీహెచ్‌లో షంట్‌దే పైచేయి. రంధ్రం కింద మెదడుకు రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమని ఉంటుంది. కాబట్టి ఈ ఆపరేషన్ ఎన్నిసార్లు చేశారని సర్జన్‌ని అడగడం తప్పేమీ కాదు. ఇంకో మాట: రంధ్రం ఏళ్ల తర్వాత హఠాత్తుగా మూసుకుపోయిన సందర్భాలున్నాయి. "పైపు లేదు కదా, ఇక గొడవ లేదు" అనుకోకండి.

| దారి | ఎవరికి నప్పుతుంది | ఎవరికి వద్దు | ముఖ్యమైన భయం |
|---|---|---|---|
| వీపీ | దాదాపు అందరికీ | పొట్టలో ఇన్ఫెక్షన్, అతుకులు, నీరు | మూసుకుపోవడం, ఇన్ఫెక్షన్ |
| ఎల్పీ | ఎన్‌పీహెచ్, అడ్డు లేని రకం | అడ్డు ఉన్నవాళ్లు, నడుము బాగా అరిగినవాళ్లు | నీరు ఎక్కువ పోవడం, గొట్టం జారడం |
| వీఏ | పొట్ట పనికిరానివాళ్లు | గుండె జబ్బు, చెకప్‌కి రాలేనివాళ్లు | రక్తంలో ఇన్ఫెక్షన్, కిడ్నీలు |
| ప్లూరల్ | చివరి దారిగా | ఊపిరితిత్తుల జబ్బు | ఆయాసం |
| ఈటీవీ | కాలువ ఇరుకు, దారిలో గడ్డ | నీరు ఇంకని రకం | ఆపరేషన్‌లో రక్తస్రావం, హఠాత్తుగా మూసుకుపోవడం |

వాల్వ్: అసలు బేరం ఇక్కడ

వాల్వ్ లేకపోతే ఏమవుతుంది? మేడ మీద డ్రమ్ములో పైపు పెట్టి కిందికి నీళ్లు లాగినప్పుడు, పైపు కొస ఎంత కిందికి ఉంటే అంత వేగంగా లాగేస్తుంది. మనిషి లేచి నిలబడినప్పుడు తలకూ పొట్టకూ మధ్య జరిగేదీ అదే. నీరు మరీ ఎక్కువ పోతే మెదడు కుంగి, దాని పైన ఉండే సన్నటి సిరలు తెగి రక్తం చేరుతుంది. ముందు చెప్పిన 12 శాతం భయం ఇదే.

సాదా వాల్వ్ ఒకే ప్రెషర్ దగ్గర తెరుచుకుంటుంది. లో, మీడియం, హై అని వస్తాయి. ఒకసారి పెట్టాక మార్చాలంటే మళ్లీ ఆపరేషనే. మన దేశంలో ఎక్కువగా వాడేది ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్. చవక కాబట్టి నాసిరకమని కొట్టిపారేయకండి. ఉగాండాలో 195 మంది పిల్లల్లో దీన్నీ ఖరీదైన కాడ్‌మన్ హకీం షంట్‌నీ పక్కపక్కన పోల్చి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అది పిల్లల్లో చేసిన అధ్యయనం, నిజమే. పెద్దవాళ్లలో కూడా టీబీ తర్వాతో గడ్డ వల్లో వచ్చిన హైడ్రోసెఫలస్‌కి సాదా వాల్వ్ పెట్టించడం చిన్నతనమేమీ కాదని నా అభిప్రాయం.

ప్రోగ్రామబుల్ వాల్వ్‌కి ధర ఎన్నో రెట్లు ఎక్కువ. చర్మం మీద ఒక అయస్కాంత పరికరం పెట్టి, ఓపీలోనే ప్రెషర్ మార్చొచ్చు. ఎన్‌పీహెచ్‌కి మాత్రం డబ్బు సర్దుకోగలిగితే ఇదే పెట్టించమంటాను. ఎందుకంటే ఎవరికి ఏ ప్రెషర్ సరిపోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కొంచెం ఎక్కువతో మొదలుపెట్టి, నడక చూస్తూ నెలల్లో దించుకుంటూ రావాలి. నిలబడితే తలనొప్పి వచ్చినా, కాస్త రక్తం చేరినా, చాలాసార్లు సెట్టింగ్ పెంచితే సరిపోతుంది, మళ్లీ తల తెరవక్కర్లేదు. కానీ సెట్టింగ్ మార్చే పరికరం ఆ కంపెనీదే అయి ఉండాలి. మీకు దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో అది లేకపోతే, ప్రతిసారీ హైదరాబాదో బెంగళూరో పరుగెత్తాలి. అలా తిరగలేమనుకుంటే ఆ డబ్బు వృథా.

ఎంఆర్ఐ సంగతి కూడా అడగండి. మెడ్‌ట్రానిక్ స్ట్రాటా, పాత తరం కాడ్‌మన్ హకీం ప్రోగ్రామబుల్ వాల్వ్‌ల సెట్టింగ్ ఎంఆర్ఐలో మారిపోవచ్చు, కాబట్టి ప్రతి స్కాన్ తర్వాతా సరిచూడాలి. సెర్టాస్ ప్లస్, సోఫీసా పోలారిస్, మీట్కే ప్రోగావ్ వంటివి 3 టెస్లా (ఎంఆర్ఐ అయస్కాంతం బలానికి కొలత) దాకా తట్టుకునేలా లాక్‌తో వస్తాయి. గడ్డ ఉండి ఏటా ఎంఆర్ఐ తీయించుకోవాల్సినవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. ఇంట్లో అయితే అయస్కాంతపు దిండ్లు, తలపట్టీలు వాడనివ్వకండి. ఫోన్, హెడ్‌ఫోన్ వాల్వ్ ఉన్న చెవి వైపు కాకుండా రెండో వైపు పెట్టుకోమనండి.

నిలబడినప్పుడు ఆ లాగుడును అడ్డుకునే గ్రావిటీ వాల్వ్‌లు, యాంటీ సైఫన్ భాగాలు ఇంకో అదనం. ఎన్‌పీహెచ్ రోగుల్లో జర్మనీలో జరిగిన స్వసోనా ట్రయల్‌లో గ్రావిటీ వాల్వ్ ఉన్నవాళ్లలో నీరు అతిగా పోయే సమస్య బాగా తగ్గింది. రోజంతా లేచి తిరిగే మనిషికి ఇది ఉపయోగం. పూర్తిగా మంచంలోనే ఉన్నవాళ్లకు దీనికోసం డబ్బు పెట్టక్కర్లేదు.

ఎవరికైనా సరే నేను అడగమనేది యాంటీబయాటిక్ పూసిన గొట్టం గురించి. 2019లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్, ఐర్లాండ్‌ల బేసిక్స్ ట్రయల్‌లో 1,605 మందిని చూశారు. మామూలు గొట్టాలతో ఇన్ఫెక్షన్ 6 శాతం, వెండి పూసినవాటితోనూ 6 శాతమే, యాంటీబయాటిక్ పూసినవాటితో 2 శాతం. చేతిలో ఉన్న డబ్బుతో ఒక్క అదనమే కుదురుతుందంటే, ఎన్‌పీహెచ్ కానివాళ్లకు ప్రోగ్రామబుల్ వాల్వ్ కంటే ముందు నేను దీన్నే ఎంచుకుంటాను.

ఆరోగ్యశ్రీలోనో, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలోనో చేయించుకుంటుంటే, ప్యాకేజీలో ఏ కంపెనీ, ఏ రకం వాల్వ్ వస్తుందో ఆరోగ్యమిత్రను అడ్మిషన్ రోజే అడగండి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ అయితే ఇంప్లాంట్‌కు విడిగా పరిమితి ఉందేమో చూసుకోండి.

మీ పరిస్థితి ఇదైతే

డెబ్భై దాటిన అమ్మో నాన్నో, ఎన్‌పీహెచ్, ట్యాప్ టెస్ట్‌లో నడక మెరుగైంది: వీపీ, ప్రోగ్రామబుల్ వాల్వ్, వీలైతే గ్రావిటీ భాగంతో. తల ఆపరేషన్‌కి ససేమిరా అంటే, నడుము బాగుంటే, చేయి తిరిగిన సర్జన్ ఉంటే ఎల్పీ. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే ఉంటే, చెకప్‌కి ఎవరు తీసుకెళతారో తేలాకే ప్రోగ్రామబుల్ మాట ఎత్తండి.

టీబీ మెనింజైటిస్ తర్వాత పడుచు వయసువాళ్లు: ఇక్కడ డాక్టర్లు తరచూ వాడే కొలత వెల్లూరు సీఎంసీలో పుట్టిన పాలూర్ గ్రేడింగ్. 1991 నుంచి వాడుకలో ఉంది. మనిషి పూర్తి స్పృహలో ఉంటే ఒకటో గ్రేడ్, స్పృహ ఉన్నా చేయో కాలో పడిపోవడం లాంటివి ఉంటే రెండు, మగతగా ఉంటే మూడు, లోతైన కోమా అయితే నాలుగు. అడ్డు లేని రకమై, మొదటి రెండు గ్రేడ్లలో ఉంటే చాలామంది డాక్టర్లు ముందు మందులతో ప్రయత్నిస్తారు. "ఆపరేషన్ ఎందుకు ఆలస్యం చేస్తున్నారు" అని కంగారు పడక్కర్లేదు, కానీ మగత పెరిగితే మాత్రం వెంటనే చెప్పాలి. నాలుగో గ్రేడ్‌లో ముందు బయటి డ్రెయిన్ పెట్టి, మనిషి స్పందిస్తే షంట్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువ. వీపీ, సాదా వాల్వ్ సరిపోతుంది. షంట్ పడింది కదా అని టీబీ మాత్రలు ఆపేయడం ఇక్కడ జరిగే అతిపెద్ద తప్పు.

కాలువ ఇరుకు లేదా గడ్డ: ముందు ఈటీవీ సంగతి అడగండి. అది కుదరదంటే ఎందుకు కుదరదో స్కాన్ చూపించి చెప్పమనండి.

పెళ్లి కావాల్సిన అమ్మాయో, పిల్లల్ని కనాలనుకుంటున్న కోడలో అయితే, "పొట్టలో పైపుంటే గర్భం ఎలా" అనే భయంతో దారి మార్చమని అడగక్కర్లేదు. వీపీ షంట్‌తో చాలామంది పిల్లల్ని కంటున్నారు. గర్భం పెరిగే నెలల్లో తలనొప్పి, వాంతులు ఎక్కువైతే అవి వేవిళ్లని తేల్చేసుకోకుండా న్యూరోసర్జన్‌కి చూపించాలి, అంతే.

ఇంటికొచ్చాక

ఏ షంట్ వేసినా ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి: తగ్గని తలనొప్పితో వాంతులు, పగలంతా మగత, జ్వరం, గొట్టం దారిలో ఎర్రగా వాయడం, వీపీ అయితే కారణం లేని పొట్టనొప్పి. బాగుపడ్డ నడక మళ్లీ మందగిస్తే అది కూడా గుర్తే. పడుకుంటే తగ్గి, లేస్తే వచ్చే తలనొప్పి నీరు ఎక్కువ పోతోందని చెబుతుంది. పడిపోయి తలకు దెబ్బ తగిలితే బయటికి గాయం లేకపోయినా సీటీ తీయించండి.

డిశ్చార్జ్ రోజున వెళ్లిపోయే హడావిడిలో ఒక కాగితం వదిలేయకండి. వాల్వ్ కంపెనీ పేరు, మోడల్, ఇప్పటి సెట్టింగ్, ఏ వైపు వేశారు అన్నవి సమ్మరీలో రాసి ఉండాలి. "వీపీ షంట్ వేయబడింది" అని ఒక్క ముక్కే ఉంటే అక్కడే నిలబడి రాయించుకోండి, వాల్వ్ డబ్బా మీది స్టిక్కర్ అతికించమనండి. ఆ పేజీని ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. ఇంకో ఊళ్లో, ఇంకో డాక్టర్ ముందు అర్ధరాత్రి నిలబడాల్సి వస్తే, ఎంఆర్ఐ తీయొచ్చో లేదో ఆయన చెప్పగలిగేది దాన్ని చూసే.